పికప్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ: బండి తోలేది ఎవరు?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. 2021 జూన్‌లో ఫైనాన్స్ మీద డీజిల్ పికప్ తీసుకున్నాను. మండీ నుంచి టమోటా క్రేట్లు బెంగళూరుకి, ఒక్కోసారి చెన్నైకి తోలుతాం. కొన్నప్పుడే షోరూమ్‌వాళ్ళు నాలుగో, ఐదో సంవత్సరాలకు ఎక్స్‌టెండెడ్ వారంటీ అని చెప్పి రూ.19,000 కట్టించుకున్నారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో బండి పొగ కక్కి ఆగిపోయింది. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో పోయిందన్నారు. ఒక సర్వీసు బయట చేయించావు కాబట్టి వారంటీ రాదని రూ.74,000 బిల్లు వేశారు. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి కట్టాను. ఆ నెల కిస్తు తప్పింది, డ్రైవర్‌కి జీతం కూడా ఇవ్వలేకపోయాను, మా అమ్మ ఆపరేషన్ వాయిదా పడింది. అప్పటినుంచి షోరూమ్ చుట్టూ తిరుగుతున్నాను. ఎప్పుడడిగినా 'కంపెనీకి రాశాం' అంటారు. బయట సర్వీసు చేసిన మెకానిక్ పాత తేదీ వేసి బిల్లు రాసిస్తానంటున్నాడు. కేసు వేయొచ్చా? మా బామ్మర్ది కొత్త పికప్ తీసుకోబోతున్నాడు. అతను ఈ వారంటీ తీసుకోవాలా, లేక అదంతా మోసమా?

జవాబు: మీ ఉత్తరంలో నగల గురించి, ఆపరేషన్ గురించి రాసింది కేసుకి పనికిరాదు. పనికొచ్చేది, లేదా మిమ్మల్ని ముంచేది, ఒక్క మాట: 'డ్రైవర్‌కి జీతం కూడా ఇవ్వలేకపోయాను'. రేపు కంపెనీ తరఫు లాయరు టర్బో గురించి మాట్లాడడు. ముందు లేచి, ఇది వ్యాపారానికి కొన్న బండి, ఈయన వినియోగదారుడే కాదు, కేసు ఇక్కడ నడవదు అంటాడు. దానికి మీ దగ్గర జవాబు ఉందా లేదా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 2(7) సెక్షన్ ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారు. అయితే కేవలం తన జీవనోపాధి కోసం, స్వయం ఉపాధిగా వాడుకునే వ్యక్తికి ఇది వర్తించదని అక్కడే వివరణ ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు మీలాంటివాళ్ళ ఉదాహరణే ఇచ్చింది. ఆటో కొని తనే తోలుకునేవాడు, లారీ కొని తనే నడుపుకునేవాడు వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. బండిని వేరేవాళ్ళ చేతికిచ్చి సంపాదించేవాడికి మాత్రం ఆ రక్షణ లేదు.

కాబట్టి ముందు మీరు నాకు కాదు, మీకు మీరే నిజం చెప్పుకోండి. బండి ఎవరు తోలుతున్నారు? మీరే తోలుతూ, చెన్నై ట్రిప్పుల్లో రాత్రి నిద్ర ముంచుకురాకుండా ఇంకో మనిషిని తోడు పెట్టుకున్నారా? అయితే మీరు వినియోగదారుడే. మీరు మండీలో ఉండి, బండి జీతగాడి చేతిలో ఉందా? ఇంకో పికప్ కూడా ఉందా? అలాగైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోకండి. కాంట్రాక్టు ఉల్లంఘన కింద సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. దానికి 3 ఏళ్ళ గడువు ఉంటుంది, కోర్టు ఫీజు కూడా కట్టాలి.

వాణిజ్య అవసరం అని నిరూపించే భారం ఎదుటి పక్షానిదేనని సుప్రీంకోర్టు 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. అది విని ధీమా పడకండి. టమోటా లోడ్లు తోలే బండి అని వాళ్ళు చూపించడం ఎంతసేపు? ఆ తర్వాత ఇది కేవలం జీవనోపాధి కోసమే అని చూపించే భారం మళ్ళీ మీ మీదికే వస్తుంది. ఫిర్యాదులో 'స్వయం ఉపాధి కోసం, నేనే నడుపుకుంటున్నాను' అన్న వాక్యం రాయకుండానే కేసు వేసి, మొదటి అభ్యంతరానికే కూలబడేవాళ్ళు ఉన్నారు. ఆ వాక్యం ఉండాలి, దాని వెనక కాగితం ఉండాలి.

ఏ కాగితం? అందరూ ఫాస్టాగ్ స్టేట్‌మెంటు పట్టుకొస్తారు. బండి ఏ టోల్‌గేటు దాటిందో అది చెబుతుంది గానీ, ఎవరు తోలారో చెప్పదు. బెంగళూరు దారిలో బంకుల్లో మీ ఫోన్ నుంచి కొట్టిన డీజిల్ డబ్బులు, మీ పేరు, నంబరు రాసిన మండీ స్లిప్పులు, మీ లైసెన్సు నంబరుతో పడిన ఈ-చలాన్లు, లోన్ దరఖాస్తులో 'వృత్తి' దగ్గర రాసిన మాట, ఇవి చెబుతాయి. మీది మామూలు ఎల్‌ఎమ్‌వీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు అయినా భయం లేదు. 7,500 కిలోలలోపు రవాణా వాహనానికి అది చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

బండి ఇన్సూరెన్స్ పాలసీ తీసి ప్రీమియం వివరాలు చూడండి. ఓనర్-డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమాకి ప్రీమియం కట్టి ఉంటే మంచిదే. దాని కింద 'పెయిడ్ డ్రైవర్' అని ఇంకో వరుస ఉంటే, దాన్ని ఎదుటి లాయరు పెద్దక్షరాల్లో చదివి వినిపిస్తాడు. ఉన్న మనిషిని దాచకండి. ఎన్ని ట్రిప్పులకి పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో ఫిర్యాదులో మీరే ముందు రాసేయండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసుకి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళు. వారంటీ రాదని చెప్పింది 2024 సెప్టెంబరులో. అంటే 2026 సెప్టెంబరులో అదే తేదీకి తలుపు మూసుకుంటుంది. మీరు షోరూమ్ చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు, వాళ్ళ 'కంపెనీకి రాశాం', వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి చేసిన ఫోన్లు, చివరికి నాలాంటి లాయరు పంపే లీగల్ నోటీసు కూడా ఆ గడియారాన్ని ఆపవు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ తగిన కారణం చూపాలి. 'వాళ్ళు తిప్పారు' అన్నది కమిషన్లు రోజూ వినే మాట. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిప్పినవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు.

ఇంకో నిర్లక్ష్యం గురించి కూడా అనక తప్పదు. విప్పిన పాత టర్బో ఎక్కడుంది? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు కాబట్టి వర్క్‌షాపులోనే వదిలేసి వచ్చారనుకుంటాను. వస్తువులో లోపం పరీక్ష చేస్తేగానీ తేలదంటే దాన్ని ల్యాబుకి పంపే అధికారం కమిషన్‌కి 38వ సెక్షన్ కింద ఉంది. పంపడానికి వస్తువే లేకపోతే ఏం పంపుతారు? డెబ్బై నాలుగు వేలు పోసి, అసలు సాక్ష్యాన్ని తుక్కులో వదిలేశారు. ఇప్పుడైనా ఆ వర్క్‌షాపుకి రాతపూర్వకంగా రాయండి: పాత టర్బో, జాబ్ కార్డు (రిపేరు వివరాలు రాసిన కాగితం) నకలు, ఆ రోజు బండికి పెట్టిన స్కానర్ రిపోర్టు ఇవ్వమనండి. బీఎస్-6 (కొత్త పొగ ప్రమాణాల) బండ్లలో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, చాలా సంగతులు దాచుకుంటుంది, ఆ రిపోర్టు టర్బో లేని లోటు కొంత తీరుస్తుంది. పార్టు తమ దగ్గర లేదని వాళ్ళు రాసిస్తే, ఆ మాట కూడా మనకే పనికొస్తుంది.

మెకానిక్ ఇస్తానన్న పాత తేదీ బిల్లు జోలికి మాత్రం వెళ్ళకండి. కమిషన్ ముందు నడిచేది న్యాయ ప్రక్రియ. అందులో కల్పించిన సాక్ష్యం వాడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 ఏళ్ళ వరకు జైలు. అంతదాకా పోకపోయినా ఎలా దొరికిపోతారో చూడండి. బిల్లు బుక్కులో వరుస నంబరు కుదరదు. రాసిన కిలోమీటర్లు, షోరూమ్ కంప్యూటర్లో ముందూ వెనకా సర్వీసుల దగ్గర నమోదైన కిలోమీటర్లతో పొసగవు. ఒక్క దొంగ కాగితం బయటపడితే మీ నిజమైన కాగితాలు కూడా ఎవరూ నమ్మరు. ఆ మెకానిక్ నిజంగా ఆయిల్ మార్చాడు కదా? అయితే నిజమే చెప్పమనండి. సుమారు ఏ నెలలో మార్చాడో, ఏ ఆయిల్ పోశాడో, ఫిల్టర్ మార్చాడో లేదో అఫిడవిట్ ఇవ్వమనండి. మీరు అతనికి ఫోన్‌పేలో డబ్బు కొట్టి ఉంటే ఆ రోజు తేదీ మీ బ్యాంకు స్టేట్‌మెంటులోనే ఉంది. ఆయిల్ డబ్బా వేరే షాపులో కొని ఉంటే ఆ షాపు బిల్లు అడగండి. పాత తేదీ బిల్లు కంటే బ్యాంకు స్టేట్‌మెంటులోని ఒక్క వరుస ఎంతో నయం.

టర్బోకి ఆయిలే ప్రాణం. ఆయిల్ మార్చడం ఆలస్యమైనా, సరిపోని ఆయిల్ పోసినా బేరింగ్ పోతుంది. అందుకే కంపెనీ బయటి సర్వీసునే పట్టుకుంది. మన వాదన రెండు వైపుల నుంచి ఉండాలి. ఒకటి, ఆ ఒక్క సర్వీసుకీ ఈ ఫెయిల్యూర్‌కీ సంబంధం ఉందని చూపించండి అనడం. రెండోది, 'బయట చేయిస్తే వారంటీ పోతుంది' అన్న షరతు డబ్బు కట్టించుకున్న రోజు నా చేతికిచ్చారా అనడం. బీమా కేసుల్లో, చెప్పకుండా దాచిన మినహాయింపు షరతు చెల్లదని సుప్రీంకోర్టు 2000లో మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో అంది. వారంటీ బీమా కాకపోయినా ఆ తర్కం వాడుకోవచ్చు. మీరు సంతకం చేసిన కాగితంలోనే ఆ షరతు ఉంటే మాత్రం ఈ రెండో వాదన నీరుగారిపోతుంది. కాబట్టి వారంటీ సర్టిఫికెట్ తీసి చదవండి.

చదివేటప్పుడు కిలోమీటర్ల పరిమితి దగ్గర ఆగండి. మీరు దీని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. మదనపల్లె నుంచి బెంగళూరు పోయి రావడమే రెండువందల కిలోమీటర్లు దాటుతుంది. రోజు విడిచి రోజు పోయినా ఏడాదికి నలభై వేల దాకా తిరుగుతుంది. '5 ఏళ్ళు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది' అని ఉండి, 2024 సెప్టెంబరు నాటికే మీ మీటరు ఆ అంకె దాటి ఉంటే, మీకు కేసు దాదాపు లేనట్టే. వాళ్ళు అప్పుడు ఆ కారణం చెప్పలేదు కదా అనొచ్చు. తిరస్కరణ లేఖలో లేని కారణం తర్వాత తేకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కానీ అదీ బీమా కేసే. పైగా మీ చేతిలో తిరస్కరణ లేఖే లేదు, ఉన్నది నోటిమాట.

మీటరు పరిమితిలోపే ఉంటే ఈ వారమే పని మొదలుపెట్టండి. డీలరుకీ, తయారీ కంపెనీకీ, సర్టిఫికెట్ కింద ఇంకెవరి పేరైనా ఉంటే వాళ్ళకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు గడువు ఇవ్వండి, ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. జవాబు కోసం అంతకు మించి ఆగొద్దు. మీరు నివసించే జిల్లా కమిషన్లోనే కేసు వేయొచ్చు, షోరూమ్ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపైతే ఫీజు లేదు. బండి ధర లెక్కలోకి తెచ్చినా 10 లక్షలలోపు రూ.200. అడిగేది కూడా పద్ధతిగా అడగండి: 74 వేలు, వడ్డీ, ఖర్చులు, బండి ఆగిన రోజులకి మండీ స్లిప్పులతో చూపగలిగిన నష్టం. మానసిక క్షోభకి పది లక్షలు అని రాస్తే మిగతా ఫిర్యాదును కూడా తేలిగ్గా తీసుకుంటారు.

మీ బామ్మర్ది సంగతి. మోసమని తోసిపుచ్చను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ పికప్‌లో ఇంజెక్టర్లు, సెన్సర్లు, పొగ శుద్ధి చేసే సరంజామా పెరిగాయి. ఒక్కటి పోయినా బిల్లు వేలల్లో ఉంటుంది, అలాంటివాటికి వారంటీ నిజంగా అక్కరకొస్తుంది. కానీ మనవాళ్ళు ఎక్కువగా మార్చేది క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు, బ్యాటరీ, టైర్లు. ఇవి మామూలుగా వారంటీలో ఉండవు. కల్తీ డీజిల్ అంటే ఇవ్వరు, ఓవర్‌లోడ్ అంటే ఇవ్వరు. మోటారు వాహనాల చట్టం 194 కింద ఓవర్‌లోడ్‌కి రూ.20,000 చలాను పడితే, ఆ నష్టం అక్కడితో పోదు, ఆ చలానే రేపు క్లెయిమ్ కొట్టేయడానికి కాగితం అవుతుంది. జీపీఎస్ కోసమో, లైట్ల కోసమో బయట వైరు కోసినా కరెంటు లోపాల క్లెయిమ్‌కి అదే గతి.

అతను తనే తోలుకుంటూ, తక్కువ దూరాలు తిరుగుతూ, ప్రతి సర్వీసూ షోరూమ్‌లోనే చేయిస్తానంటే తీసుకోమనండి. మీలాగా దూరపు లోడ్లు తోలేవాడైతే నాలుగో ఏడు రాకముందే కిలోమీటర్లు అయిపోతాయి, ఆ డబ్బు నెలనెలా పోస్టాఫీసు ఆర్‌డీలో వేసుకోవడం మేలు. తీసుకునేటట్టయితే తయారీ కంపెనీ పేరు మీద ఇచ్చేదే తీసుకోవాలి, డీలరు సొంత కార్డు కాదు. ఆ డబ్బు లోన్లో కలపనివ్వకూడదు, కలిపితే వారంటీకి కూడా వడ్డీ కడతాడు. బండి కావాలంటే వారంటీ కూడా కొనాల్సిందే అని మెలిక పెట్టే హక్కు ఎవరికీ లేదు. మామూలు వారంటీ నడుస్తున్నంతలో ఎప్పుడైనా తీసుకునే వీలుంటుందేమో ముందే అడగమనండి, ఉంటే మొదటి ఏడాది మీటరు ఎంత తిరిగిందో చూసుకుని నిర్ణయించుకోవచ్చు. షరతుల పుస్తకం చేతికివ్వకుండా డబ్బు అడిగితే, బండి మాత్రమే బుక్ చేసి రమ్మనండి.