తీసింది పది పేజీలు, ఇంకు అంతా ఎటు పోయింది?

ప్రశ్న: మాది ఇంక్ ట్యాంక్ ప్రింటర్. పిల్లల ప్రాజెక్టులకు, ఆధార్ కాపీలకు తప్ప వాడం. తీసినప్పుడల్లా గీతలు పడతాయి, క్లీనింగ్ కొడితే సరిపోతుంది. మొన్న 'ఇంక్ ప్యాడ్ నిండింది' అని మెసేజ్ వచ్చి మొత్తానికే ఆగిపోయింది. పేజీకి పైసల్లోనే ఖర్చని చెప్పి అమ్మారు. కొత్తది కొనాలా?
— ఒక గృహిణి, అనంతపురం

జవాబు: కొనొద్దమ్మా. మీ ప్రింటర్ పాడవలేదు. క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ, కాగితం మీద ఇంకు చల్లే హెడ్‌లో ఆరిపోయిన ఇంకును కదిలించడానికి ప్రింటర్ మంచి ఇంకునే లాగి పారబోస్తుంది. అది అడుగునున్న, ఇంకు పీల్చుకునే ప్యాడ్‌లోకి చేరుతుంది. కడపలో నా దగ్గరికి రిపేరుకొచ్చే ప్రింటర్లు విప్పితే ఆ ప్యాడ్ నల్లటి బురదలా, బరువుగా ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఇంకే అదంతా. ఎంత పారబోసిందో ప్రింటర్ లెక్క పెట్టుకుంటుంది. హద్దు దాటితే ఇంకు బయటికి కారకుండా తనే ఆగిపోతుంది.

ప్యాడ్ మార్చి, ఆ లెక్కను (కౌంటర్‌ను) రీసెట్ చేయాలి, అంటే సున్నాకు తేవాలి. కొందరు రీసెట్ ఒక్కటే కొట్టి డబ్బు తీసుకుంటారు. అలా చేస్తే కొన్నాళ్లకు ఇంకు టేబుల్ మీదికి కారుతుంది. పాత ప్యాడ్ మీ కళ్లముందే తీసి చూపించమనండి. కొన్ని మోడళ్లలో ఈ ప్యాడ్ ఉండే మెయింటెనెన్స్ బాక్స్ విడిగా దొరుకుతుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. ప్యాడ్ నిండే సంగతి అమ్మేటప్పుడే చెప్పాలి, చెప్పకపోవడం అన్యాయం. వాళ్లు చెప్పే పైసల లెక్క ఆపకుండా పేజీలు తీసినప్పటిది. మీలా అప్పుడప్పుడు తీసేవాళ్లకు క్లీనింగ్‌కు పోయే ఇంకు అందులో కలవదు.

పైగా మన సీమ ఎండలు! ఏప్రిల్, మే నెలల్లో హెడ్‌కున్న సన్నటి రంధ్రాలు, అంటే నాజిల్స్, ఇట్టే ఆరిపోతాయి. ప్రింటర్‌ను కిటికీ దగ్గర పెట్టకండి. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న పేజీ ఒకటి తీయండి. ఆపేటప్పుడు ముందు ప్రింటర్ బటన్ నొక్కండి, అప్పుడే హెడ్ వెళ్లి మూత మీద కూర్చుంటుంది. ప్రింటింగ్ మధ్యలో గోడ స్విచ్ ఆపేస్తే హెడ్ మూత లేకుండా ఉండిపోతుంది. గీతలు కనిపిస్తే ముందు నాజిల్ చెక్ (ఏ రంగు సరిగా పడటం లేదో చూపే పరీక్ష పేజీ) తీయండి. రెండు మూడు క్లీనింగ్‌లకు పోకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. వరసగా కొడుతూ పోతే ప్యాడే నిండుతుంది.

మీకు రంగులతో పెద్దగా పని లేకపోతే, ఈసారి కొనేటప్పుడు బ్లాక్ అండ్ వైట్ లేజర్ చూడండి. అందులో ఇంకు బదులు వాడే టోనర్ పొడి కాబట్టి నెలల తరబడి వాడకపోయినా ఆరిపోదు. ప్రస్తుతానికి మీ ప్రింటర్ మోడల్ నంబర్ రాసి పంపండి, ప్యాడ్ ఇంట్లో మార్చుకునే రకమో కాదో చెబుతాను.