హరియాన్ మెట్రో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మలేషియా అంటే మనవాళ్లకి పెట్రోనాస్ టవర్లు, టూర్ ప్యాకేజీలే కాబట్టి అక్కడి మలయ్ భాషా టాబ్లాయిడ్ (చిన్న సైజు పత్రిక) హరియాన్ మెట్రో ఎలా పెరిగిందో రాయాలనుకోవడం నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేజీలోనే "చౌకబారు పత్రిక" అని తీర్పు చెప్పేశావు, ఆ తర్వాత ఇక దేన్నీ వెతకలేదు. నేరాలు, సినిమా తారల కబుర్లు వేసి అమ్ముకున్నారట. అవి వేసి కూడా మూతపడిన పత్రికలు ఎన్ని లేవు?

కొన్నవాడి వైపు నుంచి చూడు. మలయ్ జనాన్ని ఆర్థికంగా పైకి తేవడానికని 1971 తర్వాత వచ్చిన కొత్త ఆర్థిక విధానంతో కంపుంగ్‌లు, అంటే అక్కడి పల్లెలు, వదిలి కౌలాలంపూర్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వచ్చిన మలయ్ కుర్రకారు ఎంతోమంది. వాళ్లకి అప్పటికే బెరిత హరియాన్, ఉతుసాన్ మలేషియా అనే పెద్ద పత్రికలు ఉన్నాయి, కానీ వాటినిండా మంత్రులూ ప్రసంగాలే. ఉతుసాన్ అయితే అప్పటి అధికార పార్టీ అమ్నో చేతిలోదే. 1991 మార్చిలో న్యూ స్ట్రెయిట్స్ టైమ్స్ సంస్థ హరియాన్ మెట్రోని మధ్యాహ్నం పత్రికగా తెచ్చింది. చిన్న సైజు, చిన్న వాక్యాలు, ఊళ్లో ఆ పూట జరిగిన సంగతులు. వడ్డీకి అప్పులిచ్చి పీడించే అలోంగ్‌లు, రాత్రిళ్లు రోడ్ల మీద బైకు రేసులు పెట్టే మాట్ రెంపిట్‌లు, ఫ్లాట్లలో కాపురాల గొడవలు, ఇలా పాఠకుడు తన వీధిలో రోజూ చూసేదే పేపర్లోకి వచ్చింది.

చట్టం సంగతి నువ్వు అసలు ఎత్తలేదు. ముద్రణాలయాలు, ప్రచురణల మీద 1984లో వచ్చిన చట్టం ప్రకారం పత్రిక పర్మిట్ ఏటా ప్రభుత్వం దగ్గర రెన్యూ చేయించుకోవాలి, 2012 దాకా అదే పద్ధతి. 1987లో ఆపరేషన్ లాలాంగ్ పేరుతో ప్రభుత్వం రాజకీయ నాయకుల్నీ ఉద్యమకారుల్నీ అరెస్టు చేసినప్పుడు ది స్టార్, సిన్ చ్యూ, వతన్ పత్రికల పర్మిట్లు రద్దు చేశారు. అది జరిగి నాలుగేళ్లు కూడా కాకముందే పుట్టిన పత్రిక రాజకీయాలు వదిలి మామూలు మనుషుల కథల్లోకి వెళ్లిందంటే అందులో వ్యాపారంతో పాటు భయం కూడా ఉందని నా నమ్మకం.

పెద్ద పత్రికలవాళ్లు ఏం చేశారో చూస్తే హరియాన్ మెట్రో బలం తెలుస్తుంది. 2004లో ఉతుసాన్ గ్రూపు పోటీగా కోస్మో అనే టాబ్లాయిడ్ తెచ్చింది, 2008లో బెరిత హరియాన్ కూడా చిన్న సైజుకి మారింది. ఆ దశాబ్దం ముగిసేసరికి మలయ్ దినపత్రికల అమ్మకాల్లో హరియాన్ మెట్రోదే మొదటి స్థానం. 2019 అక్టోబరులో ఉతుసాన్, కోస్మో రెండూ ఆగిపోయాయి (తర్వాత మళ్లీ వచ్చాయనుకో), అప్పటికి జనం ఫోన్లలోకి వెళ్లిపోయారు.

ఆ పత్రికని వెనకేసుకు రమ్మని చెప్పడం లేదు. ఏకాంతంగా ఉన్నారని పెళ్లికాని ముస్లిం జంటల మీద ఇస్లామిక్ మతశాఖ వాళ్లు దాడులు చేస్తే ఆ వార్తలు మలయ్ టాబ్లాయిడ్లకి మంచి సరుకు. దొరికిన ఆ అమ్మాయి మర్నాడు పనికి ఎలా వెళ్లి ఉంటుంది? కోపం తెచ్చుకోవాల్సింది అక్కడ. ఆ కోపాన్ని వ్యాసం మధ్యలో, పాఠకుడు ఆ పత్రికని ఇష్టంగా చదవడం మొదలుపెట్టాక రాయి, అప్పుడు గట్టిగా తగులుతుంది.

రబ్బరు తోటల కాలంలో వెళ్లి పెరాక్ రాష్ట్రం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లలకి మలయ్ బాగా వచ్చు. వాళ్లని పట్టుకుని అడుగు: పేపరు ఏ వేళకి కొనేవాళ్లు, ముందు ఏ పేజీ తిప్పేవాళ్లు, ఇంట్లో ఎవరికీ కనపడకుండా దాచేవాళ్లా అని. జవాబులు వచ్చాక మళ్లీ రాసి పంపు, ఆ మొదటి పేజీ మాత్రం మొత్తం తీసెయ్.