జర్మనీ ఆఫర్ వచ్చింది, ఇక్కడ రిజైన్ ఎప్పుడు చేయాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట, ఆరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బెర్లిన్ కంపెనీ ఒకటి ఏడాదికి 47,000 యూరోలకు ఆఫర్ ఇచ్చి మూడు నెలల్లో చేరమంటోంది. ఇక్కడ నోటీస్ పీరియడే 90 రోజులు. వర్క్ పర్మిట్‌కి ఎన్నాళ్లు పడుతుంది? లక్షన్నర ఇస్తే ఫాస్ట్ ట్రాక్‌లో నెలకే తెప్పిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. డబ్బు కట్టి ఈలోగా రిజైన్ చేసేయనా?

జవాబు: రెండూ వద్దండీ. పాస్‌పోర్టులో వీసా పడ్డాకే రిజైన్ చేయండి. అలాగైతే మూడు నెలల్లో ఎలా చేరతానని మీకు టెన్షన్ ఉంటుంది, కానీ ఆ టెన్షన్ కంపెనీకి కూడా పంచాలి: వీసా వచ్చాక, నోటీస్ పూర్తయ్యాక చేరతానని ఒక మెయిల్ పెట్టి, ఆ మేరకు చేరే తేదీ మార్చిన కాంట్రాక్టు తెప్పించుకోండి. బయటి దేశం నుంచి మనిషిని తీసుకునే కంపెనీకి ఇది కొత్తేమీ కాదు.

ఇక ఎన్నాళ్లు అన్నది. మీకు సరిపోయేది బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే పర్మిట్) దారి, అందులో వ్యవధిని మీ జీతం కూడా నిర్ణయిస్తుంది, ఇది చాలామందికి తెలియదు. 2026లో బ్లూ కార్డ్‌కి ఏడాదికి ఉండాల్సిన కనీస జీతం గీత మామూలుగా 50,700 యూరోలు, ఐటీ లాంటి కొరత ఉన్న వృత్తులకు 45,934 యూరోల 20 సెంట్లు. మీ 47,000 ఈ రెండింటి మధ్యలో పడింది. అర్హత ఉంది, కానీ పై గీత దాటనివాళ్ల ఫైలుకి జర్మనీ ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ సమ్మతి కావాలి. జీతం, పని షరతులు అక్కడి స్థానికులతో సమానంగా ఉన్నాయా అని వాళ్లు చూస్తారు. రెండు వారాల్లో వాళ్లు ఏమీ అనకపోతే సమ్మతి ఇచ్చినట్టే లెక్క, అయితే కంపెనీ ఇచ్చిన సమాచారం చాల్లేదని వాళ్లంటే మాత్రం ఆ లెక్క చెల్లదు. అదే కంపెనీ ఇంకో 3,700 యూరోలు పెంచి 50,700 చేసిందంటే ఈ మెట్టే ఉండదు. అడిగి చూడండి, జీతానికి జీతం, టైముకి టైము.

ఏజెంట్ మాట. ఫాస్ట్ ట్రాక్ అనేది నిజంగానే ఉంది, 2020 మార్చిలో తెచ్చారు. కానీ దానికి దరఖాస్తు పెట్టాల్సింది కంపెనీ, మీరిచ్చిన పవరాఫ్ అటార్నీతో, జర్మనీలోని విదేశీయుల కార్యాలయంలో. ఫీజు 411 యూరోలు. మారతహళ్లిలో కూర్చుని ఏజెంట్ దాన్ని కదిలించేదేమీ లేదు, లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి. ఫాస్ట్ ట్రాక్‌లో ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ సమ్మతి గడువు వారానికి తగ్గుతుంది, ముందస్తు అనుమతి పత్రం వచ్చాక కాన్సులేట్ మూడు వారాల్లో అపాయింట్‌మెంట్ ఇవ్వాలి, ఆ తర్వాత మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం. వినడానికి బాగుంది కానీ, పెద్ద నగరాల్లో ఆ విదేశీయుల కార్యాలయంలోనే ఫైళ్లు పేరుకుపోతుంటాయి. అందుకే జీతం పెంచితే గనక నేను మామూలు దారిలోనే, కాన్సులర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టమంటాను. ఎటైనా మూడు నెలలు చేతిలో పెట్టుకోండి, ముందొస్తే సంతోషం.

ఆ మూడు నెలల లెక్క కూడా కాగితాలన్నీ సరిగా ఉన్న రోజు నుంచే మొదలవుతుంది. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఆరేళ్లు ఉద్యోగం నెట్టుకొచ్చి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా తీసుకోనివాళ్లు ఎంతమందో! మీదీ అదే కథైతే ఈ వారమే యూనివర్సిటీకి అప్లై చేయండి. మీ కాలేజీ, డిగ్రీ అక్కడ గుర్తింపు పొందాయో లేదో అనాబిన్ అనే డేటాబేస్‌లో మీరే చూసుకోవచ్చు. ఇంకోటి, టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఎవరూ అడగకముందే అఫిడవిట్ సిద్ధం చేసుకోవడం మంచిది.

ఆధార్‌లో నరసరావుపేట ఉంటే ఇంకో చిక్కు. కర్ణాటకలో ఉండేవాళ్లు బెంగళూరు జర్మన్ కాన్సులేట్ కిందికి, ఆంధ్రలో ఉండేవాళ్లు చెన్నై కిందికి వస్తారు. చూసేది ఇప్పుడు నివాసం ఎక్కడా అన్నది కాబట్టి రెంటల్ అగ్రిమెంట్ మీ పేరు మీద, గడువు అయిపోకుండా ఉండాలి. ఓనర్‌తో నోటి మాట మీద ఉంటున్నారా? రాయించుకోండి.

ఒకవేళ తిరస్కరిస్తే ఇదివరకు కాన్సులేట్‌కే మళ్లీ పరిశీలించమని ఉత్తరం రాసే వీలుండేది. 2025 జూలై 1 నుంచి అది తీసేశారు. ఇప్పుడు కారణం చూసుకుని కొత్తగా అప్లై చేయడం, లేదంటే నెలలోపు బెర్లిన్ పాలనా కోర్టులో కేసు వేయడం. మీ 90 రోజుల నోటీస్ అప్పటికే సగం గడిచి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మీరు అడగలేదు గానీ, ఇంకో మాట. పెళ్లయి ఉంటే మీ భార్య ఫైలు కూడా మీతోపాటే పెట్టండి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ల భార్యాభర్తలకు జర్మన్ భాష పరీక్ష అక్కర్లేదు, అక్కడ ఉద్యోగం చేయడానికి వేరే పర్మిట్ కూడా అక్కర్లేదు. రిజిస్టరయిన మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం ఉండాలి, పెళ్లి ఆల్బమ్, శుభలేఖ సరిపోవు.