ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి ఓనర్ ఏవేవి కోసుకోవచ్చు?

మూడేళ్లు ఉన్న ఇల్లు ఖాళీ చేస్తున్నామని, గోడలకు మొత్తం రంగు వేయించాలి, వంటింటి అల్మారా తలుపు పాడైంది అంటూ ఓనర్ అడ్వాన్స్ దాదాపు అంతా ఉంచేసుకుంటానంటున్నారని, అందుకని చివరి రెండు నెలల అద్దె ఆపేస్తే సరిపోతుందా అని అడిగారు కదా.

ఆపేయకండి. ఇప్పటిదాకా ఆయన మీకు డబ్బు ఇవ్వాల్సిన మనిషి, అద్దె ఆపిన మరుక్షణం మీరే ఆయనకు బాకీ పడతారు, ఇక రంగు గురించి మీరు ఎంత న్యాయం మాట్లాడినా "ముందు అద్దె కట్టండి" అనే ఒక్క మాటతో నోరు మూయిస్తారు. అడ్వాన్స్‌లో సర్దుకోవచ్చని అగ్రిమెంట్‌లో ఉంటేనో, ఆయనే రాతపూర్వకంగా ఒప్పుకుంటేనో అది వేరే సంగతి.

నేను ఐదు అద్దె ఇళ్లు మారాను, ఇప్పుడు మా ఇల్లొకటి అద్దెకిచ్చాను కూడా, కాబట్టి రెండు వైపుల నుంచీ మాటలు పడ్డవాణ్ణే. నాకు అర్థమైనంతవరకు గొడవంతా ఒక్క తేడా దగ్గరే ఉంటుంది, వాడకం వల్ల అరిగిందా, మనం పాడుచేశామా అని. ఎండకు రంగు వెలిసిపోవడం, గొళ్లెం వదులవడం, మంచం ఆనిన చోట గోడ మీద చార పడటం, ఇవన్నీ మనుషులు కాపురం ఉంటే అయ్యేవే, మీరు నెలనెలా కట్టిన అద్దెలో వీటి ఖర్చు కలిసే ఉంది. టీవీ స్టాండ్ పీకేటప్పుడు ప్లాస్టరింగ్ పెచ్చు ఊడొస్తే, పిల్లలు గోడ నిండా బొమ్మలు గీస్తే మాత్రం అది మన ఖాతానే.

అప్పుడు కూడా పాతదానికి కొత్తదాని ధర అడగడం న్యాయం కాదు. ఆ రంగు మామూలుగా 5 ఏళ్లు నిలుస్తుందనుకుందాం, మీరు చేరేముందు కొత్తగా వేయించారు, 3 ఏళ్లు గడిచాయి, అంటే మీ వల్ల పోయింది మిగిలిన 2 ఏళ్ల విలువే, అదీ పాడైన గోడ వరకే. మీరు చేరేనాటికే అది నాలుగేళ్ల పాత రంగైతే ఇక అడగడానికేముంది? కానీ ఒక్కసారి అగ్రిమెంట్ తీసి చదవండి, ఖాళీ చేసేటప్పుడు రంగు ఖర్చు ఇస్తామని సంతకం పెట్టి ఉంటే మీ వాదన చాలావరకు నీరుగారిపోతుంది.

ఇక అల్మారా తలుపు. దీంట్లో నేను ఘోరంగా దెబ్బతిన్నాను. మా రెండో ఇంట్లో సింకు కింద పైపు దగ్గర చుక్కలు చుక్కలుగా కారేది, ఓనర్‌కి చెబితే అద్దె పెంచే మాట ఎత్తుతాడేమోనని ఒక మగ్గు పెట్టి నెలల తరబడి నెట్టుకొచ్చాం. ఆ చెమ్మకి చెక్క ఉబ్బి తలుపు మూసుకోకుండా అయిపోయింది, అడుగున బూజు. పైపు బాగుచేయించడం ఆయన పనే, చిన్న రిపేరు, కానీ ఆయనకి తెలియనిస్తే కదా! "ఎప్పుడు మొదలైంది, నాకెప్పుడు చెప్పారు" అని అడిగితే చూపించడానికి ఒక్క మెసేజ్ కూడా లేదు. అల్మారా పాతదేనని బతిమాలి సగం కట్టి బయటపడ్డాం. మీ తలుపు కూడా ఇలా చెమ్మకే పాడైతే, లీకేజీ గురించి మీ ఓనర్‌కి ఎప్పుడైనా మెసేజ్ పెట్టి ఉంటే, ఆయన పట్టించుకోకపోతే, లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

ఓనర్‌గా నేనేమీ తక్కువ తినలేదు లెండి. బాత్రూం గోడలోంచి చెమ్మ వస్తోందని మా అద్దెకున్నావిడ ఫోటో పంపితే "వచ్చే వారం" అంటూ రెండు నెలలు లాగాను, చివరికి పక్క గదికీ పాకింది, ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. ఇంకోసారి ప్లంబర్ దొరికాడు కదా అని చెప్పాపెట్టకుండా నా దగ్గరున్న తాళంతో తలుపు తీస్తే, నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్న ఆవిడ అదిరిపడి లేచింది. "అద్దె తీసుకున్నాక ఇలా రాకూడదండీ" అంది, తలదించుకుని వచ్చేశాను. పైపు పగిలి ఇల్లు మునుగుతుంటే తప్ప ముందు చెప్పకుండా వెళ్లకూడదు.

సామాన్లు సర్దేలోపే ఓనర్‌ని పిలిచి గది గదికీ కలిసి తిరగండి, ఏది ఎందుకు కోస్తున్నారో విడివిడిగా రాసి, బిల్లులు జతచేసి ఇమ్మనండి. తిరిగే ముందు చేరినప్పటి ఫోటోలు వెతకండి. లేవంటారా, ఇంట్లో దిగిన మామూలు ఫోటోలే చూడండి, మా మూడో ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు ఫోటోలో కేకు వెనకాల గోడ పగులు స్పష్టంగా కనిపించి మమ్మల్ని కాపాడింది, మేం చేరిన వారంలోనే తీసిన ఫోటో అది. ఖాళీ గదులు పగటి వెలుతురులో వీడియో తీయండి, మీటర్ రీడింగ్‌తో సహా. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, ఇవ్వకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి అనేవి చోటునిబట్టి మారతాయి, మీ దగ్గరి చట్టం ఒకసారి కనుక్కోండి.

లెక్క తేలలేదు కదా అని తాళాలు మాత్రం మీ దగ్గర అట్టిపెట్టుకోకండి, అవి మీ చేతిలో ఉన్నన్నాళ్లూ ఇల్లు ఖాళీ చేయలేదని అద్దె లెక్కేస్తారు. ఇచ్చేసి, అందినట్టు తేదీ వేయించి సంతకం తీసుకోండి. ఆ అల్మారా తలుపు ఎలా పాడైందో ఇక్కడ రాస్తే ఇంకొంచెం చెప్పగలను.