డీఎస్పీ ఆఫీసు నుంచి సాక్షిగా రమ్మని నోటీసు వస్తే ఏం జరుగుతుంది?

మీ నాన్నగారు ఒక కానిస్టేబుల్ మీద ఫిర్యాదు చేశారని, ఇప్పుడు డీఎస్పీ ఆఫీసు నుంచి శాఖాపరమైన విచారణకు సాక్షిగా రమ్మని నోటీసు వచ్చిందని, వెళ్లాలా వద్దా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. తప్పకుండా వెళ్లమనండి. మాది విజయనగరం జిల్లా. మూడేళ్ల కిందట మా చిన్నాన్న వెంట ఇదే పని మీద తిరిగాను.

సంత నుంచి వస్తుంటే బండి కాగితాల దగ్గర మాటా మాటా పెరిగి ఒక హెడ్ కానిస్టేబుల్ చిన్నాన్నను చెంప మీద కొట్టాడు. జేబులోని రెండు వేలూ తీసేసుకున్నాడు. ఆ సాయంత్రమే ప్రభుత్వాసుపత్రిలో చూపించి ఓపీ చీటీ తీసుకున్నాం. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

మొదట ఒక సీఐ వచ్చి వాంగ్మూలం రాసుకున్నారు. అది ప్రాథమిక విచారణ. ఫిర్యాదులో పస ఉందో లేదో చూడటానికే. పెద్ద శిక్ష వేయాలంటే అది చాలదు. ఆరోపణలు రాసిన ఛార్జి మెమో ఆ పోలీసుకు ఇవ్వాలి, అతని జవాబు తీసుకోవాలి, సాక్షుల్ని అతని ఎదుటే విచారించాలి. ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1991 నాటి ఏపీ సీసీఏ రూల్స్‌లో 20వ నిబంధన చెప్పేది ఇదే. డిపార్ట్‌మెంటులో ఓరల్ ఎంక్వైరీ అంటారు. మీకు వచ్చిన నోటీసు బహుశా దీనికే.

కాబట్టి నాన్నగారికి ముందే చెప్పండి, ఆ కానిస్టేబుల్ అదే గదిలో ఉంటాడు. మాకు ఎవరూ చెప్పలేదు. చిన్నాన్న లోపలికి వెళ్లేసరికి ఆ హెడ్ కానిస్టేబుల్ టోపీ మోకాలి మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్నాన్న చేతిలో సంచి వణకడం గుమ్మం బయట ఉన్న నాకే కనిపించింది. పైగా సాక్షిని ప్రశ్నలు అడిగే హక్కు అతనికి ఉంది. "సీఐ గారికి నాలుగింటికి అన్నావు, ఇప్పుడు పొద్దు వాలింది అంటున్నావు, ఏది నిజం?" అని అడిగాడు. చిన్నాన్న కాసేపు ఆగి, "గడియారం చూసుకోలేదు బాబూ, సంతలో అందరూ మూటలు కట్టేసుకుంటున్నారు" అన్నాడు. డీఎస్పీ గారు ఆ మాట అలాగే టైపు చేయించారు. తెలిసింది తెలిసినట్టు చెబితే చాలు, తెలియని టైము ఊహించి చెప్పొద్దు.

సంతకం పెట్టే ముందు చదివించుకోండి. మా కాగితంలో "చెంప మీద కొట్టాడు" అన్నది "తోశాడు" అని పడింది. అడిగితే దిద్దారు.

లాయర్లు మామూలుగా ఉండరు. ఆరోపణ ఉన్న పోలీసు కావాలంటే ఇంకో ప్రభుత్వ ఉద్యోగిని సాయం తెచ్చుకోవచ్చు. క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలని లేదు. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తారు. మాకు ఓపీ చీటీయే పనికొచ్చింది, కొట్టినట్టు రుజువైంది. డబ్బు తీసుకోవడం చూసినవాళ్లు లేరు, ఆ ఆరోపణ నిలబడలేదు.

విచారణ చేసిన అధికారి నివేదిక మాత్రమే ఇస్తారు. శిక్ష సంగతి కానిస్టేబుల్ అయితే ఎస్పీ, ఎస్సై అయితే డీఐజీ తేలుస్తారు. అంతకు ముందు నివేదిక కాపీ అతనికిచ్చి జవాబు తీసుకోవాలి. హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మాకు మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది.

చివరికి ఒక ఇంక్రిమెంట్ ఆపారని తెలిసింది, అదీ నోటిమాటగా. సమాచార హక్కు కింద అడిగితే వ్యక్తిగత సమాచారం అని ఇవ్వలేదు. ఉద్యోగిపై వేసిన శిక్షల వివరాలు ఆ కోవలోకే వస్తాయని 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. దెబ్బ తిన్న మనిషికి ఫలితం చెప్పకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

మధ్యలో రాజీకి వస్తారు. మా ఇంటికీ ఇద్దరు వచ్చి, "పిల్లలున్నవాడు, వదిలేయండి" అన్నారు. ఆ వచ్చిన తేదీ, ఎవరు వచ్చారో రాసి డీఎస్పీ ఆఫీసులో ఇచ్చి, మా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. మళ్లీ రాలేదు. నోటీసులో ఇచ్చిన రోజున నాన్నగారికి కుదరకపోతే ఊరుకోకండి, ముందే రాసిచ్చి ఇంకో తేదీ అడగండి.