సమాధానం: విండోస్ 11లో సాంబా ఫోల్డర్ తెరుచుకోకపోవడం

అన్నా, మిర్యాలగూడ మిల్లు ఆఫీసులో ఉబుంటు సర్వర్‌లో సాంబా (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచే ప్రోగ్రామ్) ద్వారా పంచిన ఫోల్డర్ మ్యాక్‌లో, లినక్స్‌లో వస్తుంది, కొత్త విండోస్ 11 ప్రోలో మాత్రం రావట్లేదని అడిగారు. సర్వర్ బాగానే ఉంది. ఫోల్డర్‌ని పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌కి వదిలేశారు, చిక్కంతా అక్కడే. 24హెచ్2 అప్‌డేట్ నుంచి విండోస్ 11 ప్రో ప్రతి కనెక్షన్‌కూ సైనింగ్ (దారిలో డేటాను ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ ముద్ర) అడుగుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేనప్పుడు సైన్ చేసే కీ ఎక్కడి నుంచి వస్తుంది?

విండోస్‌లో ఆ రక్షణ తీసేయమని కొందరు చెప్తారు. దయచేసి వద్దు, లారీ తూకాల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి.

సర్వర్‌లో ఒక్కొక్కరికి యూజర్ పెట్టి, 'సుడో ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఎ' తర్వాత ఆ పేరు కొట్టండి. ఉబుంటు లాగిన్ పాస్‌వర్డ్ సాంబాకు తెలియదు, ఇది విడిగా పెట్టాల్సిందే. సాంబా సెట్టింగుల ఫైల్లో ఈ ఫోల్డర్ షేర్ కింద 'గెస్ట్ ఓకే'ని 'నో' చేయండి. అందరినీ ఒకే గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌ని ఆ గ్రూపు పేర మార్చి 2770 అనుమతి ఇవ్వండి (యజమానికీ గ్రూపుకీ పూర్తి హక్కు, బయటివాళ్లకు ఏమీ లేదు, లోపల కొత్తగా చేసేవీ అదే గ్రూపువి అవుతాయి). అదే షేర్ కింద కొత్త ఫైళ్ల అనుమతులకు 'క్రియేట్ మాస్క్' 0660, కొత్త ఫోల్డర్లకు 'డైరెక్టరీ మాస్క్' 2770 పెట్టండి. ఇది చాలామంది మర్చిపోతారు: 'క్రియేట్ మాస్క్'లో మామూలుగా ఉండే 0744 అలాగే వదిలేస్తే, ఒకరు సేవ్ చేసిన తూకం షీటు మిగతావాళ్లకు చదవడానికే తెరుచుకుంటుంది, దిద్దనివ్వదు.

'టెస్ట్‌పార్మ్' కమాండ్‌తో సెట్టింగుల ఫైల్లో తప్పులు చూసుకుని సాంబాను రీస్టార్ట్ చేయండి. విండోస్ పాత లాగిన్‌నే పట్టుకుని ఉంటే 'నెట్ యూజ్ * /డిలీట్' కొట్టి మళ్లీ తెరవండి.