పేరు మార్చినంత మాత్రాన సరిపోతుందా?

ప్రశ్న: మాది హన్మకొండకు దగ్గరి ఊరు. మా బిడ్డ హైదరాబాదులో బి.ఎఫ్.ఏ. పెయింటింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. మూడేళ్ల కింద మా వాడకట్టులో పదకొండేళ్ల పాపపై అఘాయిత్యం జరిగింది. కేసు ఇంకా కోర్టులో ఉంది. ఆ పాప కథను పన్నెండు బొమ్మలుగా వేసి ముందు కళాశాలలో, తర్వాత వరంగల్‌లో ప్రదర్శిస్తానని మా బిడ్డ అంటోంది. ఎందుకమ్మా అంటే, పేరు మార్చాను కదా నాన్నా అంటుంది. ఇది పోలీసుల దాకా పోతుందేమోనని, ఇట్లాంటి బొమ్మలు వేస్తే రేపు బతుకుదెరువు దొరకదేమోనని మా భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హన్మకొండ జిల్లా

జవాబు: మీ రెండు భయాలలో మొదటిదానికి ఆధారం ఉంది, రెండవదానికి లేదు. అయితే ఆ రెండింటికంటే ముందు మాట్లాడుకోవలసిన మనిషి ఒకరున్నారు. మీ ఉత్తరంలోని లెక్క ప్రకారం ఆ పాపకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. బడికి పోతూ ఉంటుంది, పరీక్షలు రాస్తూ ఉంటుంది, మీ ఇంటి ముందు నుంచే నడుస్తూ ఉంటుంది. మీ బిడ్డ వేసే బొమ్మలను ఏదో ఒకనాడు ఆ పిల్ల చూస్తుందని అనుకొని ఈ జవాబు రాస్తున్నాను.

చట్టం సంగతి ముందు చెబుతాను. లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టంలోని 23వ సెక్షన్, బాధిత బాలల గుర్తింపును ఏ మాధ్యమంలోనూ బయటపెట్టరాదని చెబుతుంది. గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు. చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఇంకా ఆ బిడ్డ ఎవరో తెలిసిపోయే ఏ వివరమైనా అందులోకి వస్తుంది. ఉల్లంఘించిన వారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బిడ్డ మేలు కోసం అవసరమని భావిస్తే ప్రత్యేక న్యాయస్థానం కారణాలు రాసి అనుమతించగలదు తప్ప, తల్లిదండ్రులు సరేనన్నంత మాత్రాన అది అనుమతి కాదు. గోడకు వేలాడే బొమ్మ ‘మాధ్యమం’ కిందికి వస్తుందా రాదా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు గానీ, ఆ బొమ్మల ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కాక, ప్రదర్శన వార్త పత్రికలో వచ్చాక ఆ వాదనను నమ్ముకోవడం క్షేమం కాదు.

‘పేరు మార్చాను’ అనే మాట దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో, బాలల రక్షణపై విద్యార్థులు వేసిన నాటికల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. ఒక బృందం నిజంగా జరిగిన సంఘటనను ఎంచుకుంది. పేరు మార్చారు, ఊరు మార్చారు, తండ్రి వృత్తి కూడా మార్చారు. పిల్ల తొక్కే పసుపు రంగు సైకిలును మాత్రం, రంగస్థలం మీద బాగుంటుందని, అట్లాగే ఉంచారు. సైకిలు వేదిక మీదికి రాగానే వెనుక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ వరుసల్లోనే కూర్చున్న ఒక అమ్మాయి నాటిక ముగియకముందే లేచి వెళ్లిపోయింది. ఆ నాటికకు నేను మంచి మార్కులే వేశాను. ఆ అమ్మాయి ఎవరో సాయంత్రం తెలిసింది. ఆ మార్కులు ఈనాటికీ నన్ను బాధపెడుతున్నాయి.

మహానగరంలో పేరు మారిస్తే మనిషి దాగవచ్చు. మన దగ్గర ఒక వేపచెట్టు, ఒక నీలం తలుపు, ఎడమ చేతి మీది ఒక మచ్చ చాలు, వాడకట్టు మొత్తం గుర్తుపడుతుంది. అందుకే మీ బిడ్డ తన పన్నెండు బొమ్మలను హైదరాబాదు ప్రేక్షకుడి కళ్లతో కాక, మీ వీధి చివరి దుకాణదారుడి కళ్లతో చూడాలి.

ఆ పాపనే అడిగి ఒప్పించవచ్చు కదా అని మీ బిడ్డ అనవచ్చు. వద్దని నా గట్టి సలహా. వాడకట్టులో చనువున్న అక్క అడిగితే పద్నాలుగేళ్ల పిల్ల కాదనలేదు. కాదనలేని చోట ఒప్పుకోలుకు అర్థం లేదు. పైగా అడగడమంటే, పోలీసుల ముందు, కోర్టులో చెప్పిన ముచ్చటను ఇంకొకసారి తవ్వించడమే. 1972లో వియత్నాం యుద్ధంలో నాపాం బాంబుకు ఒళ్లు కాలి, బట్టలు లేకుండా రోడ్డు మీద పరుగెత్తిన తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్ ఫొటోను ప్రపంచమంతా చూసింది. ఆ యుద్ధపు క్రూరత్వానికి అది గుర్తుగా నిలిచింది. అయినా ఆ ఫొటో తనను చాలాకాలం సిగ్గుతో కుంగదీసిందని, పెద్దయ్యాక ఆమే చెప్పారు. తర్వాత అదే ఫొటోను శాంతి కోసం మాట్లాడేందుకు వాడుకోవాలని నిర్ణయించుకున్నదీ ఆమే. మీ వాడకట్టు పాప కూడా పెద్దయ్యాక తన కథ తానే చెప్పుకోవాలనుకోవచ్చు, అసలే వద్దనుకోవచ్చు. ఆ రెండు దారులూ ఆమెకు తెరిచి ఉండాలి.

అట్లాగని మీ బిడ్డను కుంచె కింద పెట్టమనడం లేదు. మూడేళ్లుగా ఆమె మనసులో ఆ బరువు ఉన్నదంటే అది గౌరవించవలసిన విషయం. అయితే ఆ కథలో తనదైన భాగం ఏదో ఆమె తేల్చుకోవాలి. పాప పడిన బాధ ఆమెది కాదు. ఆ వార్త తెలిసిన రోజు మన ఇళ్లలో ఏం జరిగింది, ఏ తలుపులు మూసుకున్నాయి, అరుగుల మీద కూర్చున్న పెద్దలు ఏ మాట అని ఏ మాట మింగారు, అదంతా ఆమె చూసిందే. ఆ పెద్దలను చిత్రించమనండి, వాళ్ల ముఖాలు కూడా ఎవరివీ కాకుండా. జరిగిన ఘాతుకాన్ని, పాప శరీరాన్ని మాత్రం ఏ రూపంలోనూ వేయవద్దు. పోక్సో చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఆ విషయంలో చట్టం ఇంకా కఠినమైంది.

బట్ట మీద కథను వరుసగా చిత్రించే చేర్యాల నకాశీ బొమ్మలను ఒకసారి శ్రద్ధగా చూడమనండి. ఎర్రని నేల మీద నిలబడిన ఆ మనుషుల ముఖాలు ఏ ఒక్కరి పోలికలూ కావు, సంప్రదాయం నిర్ణయించిన ముఖాలు. కళ్లు, భంగిమ, రంగులతోనే దుఃఖమూ కోపమూ తెలుస్తాయి. పోలిక లేకుండా బాధను చెప్పే విద్య మన ప్రాంతంలోనే ఉండగా దానిని వాడుకోకపోవడం నాకు వెలితిగా అనిపిస్తుంది.

ఈ పని మీద తిరుగుతున్నప్పుడు ఏ బిడ్డ అయినా తనకు జరిగిన అన్యాయాన్ని మీ అమ్మాయికి చెప్పుకుంటే, అది బొమ్మకు సరుకు కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం వెంటనే పోలీసులకు తెలియజేయాలి. బాలల సహాయవాణి 1098కు ఫోన్ చేసినా సాయం అందుతుంది. బాలసదనంలోని పిల్లలతో బొమ్మలు వేయించి ప్రదర్శించాలనుకుంటే, ఆ బొమ్మలు పిల్లల సొత్తు అని గుర్తుంచుకోవాలి. అక్కడి పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

ఇక బతుకుదెరువు. ఇంత సున్నితమైన విషయాన్ని జాగ్రత్తగా చిత్రించగల మనిషి దొరకడం కష్టం, అందువల్ల ఆమెకు పని ఉంటుంది. పిల్లలకు సురక్షిత స్పర్శ గురించి చెప్పే పుస్తకాలకు, బడుల గోడలకు, బాలల హక్కుల సంస్థల ప్రచార సామగ్రికి చిత్రకారులు కావాలి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలికా తెలుగులో బాలల పుస్తకాలు వేస్తున్నాయి. బొమ్మల మీదే నిలబడాలనుకుంటే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్‌లో పీజీకి ప్రయత్నించవచ్చు. పిల్లలతో నేరుగా పనిచేయాలన్న కోరిక ఉంటే సోషల్ వర్క్‌లో పీజీ చేయవచ్చు. జిల్లా బాలల రక్షణ విభాగాలలో ఆ చదువుకు విలువ ఉంది. దారి ఏదైనా, రేపు ఉద్యోగం ఇచ్చేవారు ఆమె పోర్ట్‌ఫోలియోలో ఒక నిజమైన బిడ్డను గుర్తుపట్టగలిగితే అదే అడ్డంకి అవుతుంది.

మీరు ప్రదర్శన వద్దని కట్టడి చేయకండి. చేస్తే మీకు చెప్పకుండా చేస్తుంది. రంగులు ముట్టక ముందే, పెన్సిలు గీతల దశలోనే పన్నెండు బొమ్మలనూ తెచ్చి మీ దంపతులకు చూపించమనండి. ఆమె ఏమీ వివరించవద్దు. ఏ బొమ్మ దగ్గర మీ ఇద్దరిలో ఎవరికైనా ఆ ఇల్లు, ఆ పాప గుర్తుకు వస్తే ఆ కాగితాన్ని పక్కన పెట్టించండి. మిగిలినవాటిని ప్రాజెక్టు గైడుకు, ఆ తర్వాత హన్మకొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక న్యాయవాదికి చూపించవచ్చు. అక్కడ మహిళలకు ఉచితంగా సలహా ఇస్తారు. కేసు తీర్పు వచ్చేదాకా వరంగల్ ప్రదర్శనను వాయిదా వేయమని కూడా అడగండి. కళాశాల మూల్యాంకనానికి ఆ ప్రదర్శన అవసరం లేదు.